సెకండ్‌హ్యాండ్ డీజిల్ బండి: ఫస్ట్ సర్వీస్ మనమే చేసుకోవాలా, మెకానిక్‌కి ఇవ్వాలా, షోరూమా?

మొన్న 2014 స్విఫ్ట్ డీజిల్ తీసుకున్నా, 98 వేలు తిరిగింది. అమ్మినాయన "సర్వీసంతా అయింది సార్, తోలుకోవడమే" అన్నాడు. ఇంటికొచ్చి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే లోపల ఎండుటాకులు, దోసెడు దుమ్ము. అందుకే ముందు మన చేత్తో విప్పి చూడాలంటా, డబ్బులు మిగుల్తాయని కాదు, బండిని ఎలా వాడారో తెలుస్తుందని.

ఎయిర్ ఫిల్టర్, వైపర్లు, బ్యాటరీ టెర్మినల్స్ లాంటివి ఇంట్లోనే, దీనికి ఆలోచనే అక్కర్లేదు. కూలెంట్ కూడా చూసుకోవచ్చు, కాకపోతే ఇంజిన్ చల్లారాకే మూత తియ్యండి, లేదంటే మొహం కాల్తది.

ఆయిల్ దగ్గరే పేచీ. పని పెద్దదేం కాదు, దీనికి పట్టేది 3 లీటర్ల చిల్లర, 5డబ్ల్యూ-30 (ఆయిల్ చిక్కదనం చెప్పే గ్రేడు). కానీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉత్త జాకీ మీద లేపి కిందికి దూరడం మాత్రం వద్దు, స్టాండ్లు లేకుండా ప్రాణంతో ఆటలు. పైగా పాత ఆయిల్ ఎక్కడ పొయ్యాలి, నాలాలో పొయ్యలేం కదా. అందుకే రాణీగంజ్‌లో ఆయిల్, ఫిల్టర్ నేనే కొనుక్కుని బస్తీ మెకానిక్ దగ్గరికి తీస్కెళ్లి పక్కనే నిలబడ్డా, డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ వేయించా, పాత ఆయిల్ ఆయన డ్రమ్ములోకే పోయింది. రెండ్రోజులకే కొత్త ఆయిల్ నల్లబడిందని కంగారుపడకండి, డీజిల్ మసి అంతే. లెవల్ దానంతట అదే పెరుగుతూ డీజిల్ వాసనొస్తే మాత్రం చూపించాలి.

డీజిల్ ఫిల్టర్ నేనే మార్చి బుక్కయ్యా. లైన్‌లో గాలి తియ్యాలని తెలీక సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దించేశా, చివరికి మళ్లీ ఆ మెకానిక్కే బండేసుకుని వచ్చి నవ్వుకుంటూ గాలి తీసి స్టార్ట్ చేశాడు. ఫిల్టర్‌లో చేరిన నీళ్లు వదలడం వరకు మనం చేసుకోవచ్చు, ఇంజెక్టర్ పైపుల జోలికి మాత్రం పోవద్దు, కామన్ రైల్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే పైపు) ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, సన్నగా చిమ్మినా చర్మంలోకి దిగిపోద్ది.

మరి షోరూమ్ ఎందుకు? ఒకే ఒక్క పనికి. బండి నంబర్‌తో పాత సర్వీస్ హిస్టరీ అడగండి, కిలోమీటర్ల మీటర్ వెనక్కి తిప్పారో లేదో దొరికిపోతారు, ఇంజిన్ కంప్యూటర్‌లో లోపాలు చదివే స్కానర్ కూడా పెట్టిస్తే ఇంకా మంచిది. మిగతాదంతా బిల్లే, ఇంజిన్ ఫ్లష్ అంటారు, ఇంకేదో కోటింగ్ అంటారు, వద్దని ముందే రాయించండి.

ఇంకోటి, మీది డస్టర్ 1.5 డీజిల్ లాంటి టైమింగ్ బెల్టు (వాల్వుల్ని పిస్టన్లతో లెక్క తప్పకుండా నడిపేది) బండై, బెల్టు మార్చిన బిల్లు ఓనర్ చూపించలేకపోతే అది ముందు మార్పించండి, ఇంట్లో చేసే పని కాదు. తెగితే వాల్వులు పోయి పిస్టన్లకి కొట్టుకుంటాయి. స్విఫ్ట్‌ది చైన్, నాకా బాధ లేదు.