గాజీ పేరు చెప్పి అమ్మిన డైవింగ్ యాత్ర

అమీర్‌పేటలో ఒక ట్రావెల్ ఏజెంటుకు నేనూ మా బావమరిదీ మనిషికి 14,500 రూపాయల చొప్పున, నీళ్లలోకి దిగని మా ఆవిడకు 7,000 రూపాయలు కట్టి, రెండు రాత్రుల విశాఖ యాత్ర కొనుక్కున్నాం. రసీదు మీద ‘గాజీ ఓడ డైవింగ్, ఒకసారి’ అని నీలం సిరాతో రాసి, కింద ముద్ర కూడా వేశారు. గాజీ అంటే విశాఖ దగ్గర సముద్రంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి. ఆ డైవింగ్ జరగలేదు, అసలు జరిగే వీలే లేదు. హైదరాబాదులో ఇలాంటి ప్యాకేజీ కొనబోతున్నవారు మాలాగా మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

నాంపల్లిలో గోదావరి ఎక్కిన దగ్గర్నుంచి విశాఖలో దిగేదాకా ప్రయాణం హాయిగా జరిగింది. మొదటి దెబ్బ రుషికొండ దగ్గర ఇచ్చిన గది. ‘సముద్రం కనిపించే ఏసీ గది’ అన్నారు కానీ, కిటికీ తెరిస్తే పక్క భవనం నీళ్ల ట్యాంకు కనిపించింది. గోడలు చెమ్మగిల్లి దుప్పట్లు కూడా ముక్కవాసన కొట్టాయి. వేడినీళ్లు అడిగితే రాత్రి ఎనిమిది దాటాక బకెట్టుకు 30 రూపాయలన్నారు. మా ఆవిడ ఆ రెండు రాత్రులూ సరిగ్గా నిద్రపోలేదు.

మర్నాడు ఉదయం ఆరు గంటలకు డైవింగ్ శిక్షకుడి ముందు రసీదు పెడితే, ఆయన దాన్ని రెండుసార్లు చదివి, తనకు మామూలు డైవింగ్ అనే చెప్పారని అన్నాడు. ఆ తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి ఓపికగా వివరించాడు. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ రేవుకు దగ్గరలో మునిగిపోయింది. మన నౌకాదళం ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాన్ని ముంచిందంటుంది, పాకిస్తాన్ లోపల జరిగిన పేలుడు వల్ల మునిగిందంటుంది. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. అది దాదాపు 100 మీటర్ల లోతున ఉంది. వినోదం కోసం డైవింగ్ చేసేవాళ్లకు గరిష్ఠ పరిమితి 40 మీటర్లు. మా బావమరిది అండమాన్‌లో నేర్చుకుని తెచ్చుకున్న సర్టిఫికెట్టు 30 మీటర్ల వరకే చెల్లుతుంది.

అయినా అతను ఊరుకోలేదు. “సముద్రం ఎవరి సొత్తు బావా? ముట్టుకోం, తీసుకురాం, చూసి వస్తాం. అదీ వద్దంటే ఎలా?” అని నాతో వాదనకు దిగాడు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. 2001 నాటి యునెస్కో ఒప్పందం కూడా నీటి అడుగున నూరేళ్లు దాటిన వారసత్వ సంపదను, దానికి చేటు రానంతవరకు, జనం చూడటానికి ప్రోత్సహించాలనే చెబుతుంది. మునిగిన ఓడలన్నిటికీ తాళం వేయడం నాకూ ఇష్టం లేదు. ఈ ఒప్పందం లెక్కన చూసినా గాజీకి నూరేళ్లు నిండేది 2071లోనే. అంతకన్నా పెద్ద సంగతి అది యుద్ధనౌక కావడం. మునిగినా దాని మీద హక్కు అది ఏ దేశపు జెండాతో నడిచిందో ఆ దేశానిదేనని చాలా దేశాలు పాటిస్తాయి.

స్కాట్లండులోని స్కాపా ఫ్లో అఖాతం సంగతి నాకు ఇక్కడే గుర్తొచ్చింది. 1919లో జర్మన్లు తమ చేతులతోనే ముంచుకున్న నౌకల్లో మిగిలిన ఏడింటిని చూడటానికి దేశదేశాల డైవర్లు వెళతారు. అదే అఖాతంలో 1939 అక్టోబరు 14న 800 మందికి పైగా నావికులతో మునిగిన బ్రిటిష్ యుద్ధనౌక రాయల్ ఓక్ అందుకోగలిగినంత లోతులోనే ఉన్నా, 1986 నాటి చట్టం ప్రకారం దాని దగ్గరికి అనుమతి లేకుండా ఎవరూ వెళ్లకూడదు. ఒకటి చూడదగిన ఓడ, రెండోది సమాధి. ఈ తేడాను మన దగ్గర కూడా ప్రభుత్వం రాతపూర్వకంగా, ఓడ పేరుతో సహా ప్రకటిస్తే డైవర్లకు గొడవ ఉండదు, ఇలాంటి ఏజెంట్లకు అవకాశమూ ఉండదు.

మా వాదన వింటున్న పడవ మనిషి, అరవై దాటినవాడు, ఇంజను తాడు చుట్టుకుంటూ ఒక్క మాటే అన్నాడు: “ఆ ఓడలో మనుషులున్నారు బాబూ. ఆళ్లని ఒగ్గీండి.” మా బావమరిది మరి మాట్లాడలేదు.

చివరికి రుషికొండ దగ్గరే పన్నెండు మీటర్ల లోతులో రాళ్ల మధ్య నలభై నిమిషాలు తిరిగాం. నీరు కాస్త మసకగా ఉన్నా శిక్షకుడు మా చెయ్యి వదలలేదు, పరికరాలు శుభ్రంగా ఉన్నాయి. విడిగా వస్తే దీనికి మనిషికి 3,500 రూపాయలేనని తెలిసింది. ఆయన దగ్గరకైతే నేను మళ్లీ వెళతాను. మధ్యాహ్నం భీమిలి దారిలో ఒక పూరింటి మెస్సులో 180 రూపాయలకు వంజరం పులుసుతో పెట్టిన భోజనం చేశాకే మా ఆవిడ ముఖంలో నవ్వు కనిపించింది.

సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లాం. టార్పెడోల పక్కనే, ఒక మనిషి పక్కకు తిరిగి పడుకునేంత జాగాలో, నావికుల పడకలు ఉన్నాయి. మా బావమరిది ఒక పడక అంచు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడిపోయాడు. జలాంతర్గామి అంటే ఏమిటో చూడాలనుకునేవారు అక్కడికే వెళ్లండి.

తిరిగి వచ్చాక ఏజెంటు మనిషికి 2,000 ఇస్తానన్నాడు. నేను తీసుకోలేదు. రసీదు కాపీ జతచేసి వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు ఇచ్చాను. డబ్బుతో పాటు, తన ప్రకటనల్లోంచి గాజీ పేరు తీసేయాలని కూడా అందులో కోరాను.