పిచ్చికతో పదిహేడేళ్లు: మా మారుతీ 800 కబుర్లు

2008 దసరాకి రాజమండ్రిలో మా ఇంటి ముందు కొత్త మారుతీ 800 ఆగింది. మా అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "పిచ్చికంత ఉందిరా, అయిదుగురం పడతామా ఇందులో?" అంది. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు. నాయనమ్మ మాటల్లో దానికి పిచ్చిక ఒక్కటే వినపడినట్టుంది. మర్నాడు పొద్దున్నే బ్యాగు తగిలించుకుని, "పిచ్చికలో దింపు నాన్నా" అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ దాన్ని కారు అనలేదు.

ఇప్పటికి లక్షా పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. మైలేజీ, ఖర్చులు అన్నీ చెప్తాను. కానీ పేరు సంగతి వదిలేసి ఈ బండి గురించి రాయడం నావల్ల కాదు. ఇది ఇన్నాళ్లు ఆరోగ్యంగా ఉండడానికి పేరు కూడా ఒక కారణమని నా గట్టి నమ్మకం.

పేర్లు పెట్టుకోవడం మనకి కొత్తేమీ కాదు. మా తాతయ్య కాడెద్దులు రాముడు, లక్ష్మణుడు. హైదరాబాద్ రైలుని మేం 12727 అనం, గోదావరి అంటాం. 1974 నుంచీ జనం ఆ పేరు చెప్పుకునే ఎక్కుతున్నారు. ఆర్టీసీలో పల్లె వెలుగు ఉంది, ఇంద్ర ఉంది, గరుడ ఉంది. సొంత కారుకి ముద్దుపేరు పెట్టేవాళ్లు మాత్రం నేను చూసినంతలో తక్కువే. మా ఆఫీసులో అడిగితే ఎక్కువమంది "మా బండి" అంటామన్నారు. అలా అనేటప్పుడు వాళ్ల గొంతు వింటే అందులోనే బోలెడు ముద్దు ఉంది. ఒకాయన వాళ్ల నాన్నగారి అంబాసిడర్‌ని ఏనుగు అని పిలిచేవారట. ఒకావిడ తన స్కూటీని బంగారం అంటుంది. ఇవేవీ కూర్చుని ఆలోచించి పెట్టిన పేర్లు కావు. ఎవరో ఏదో సందర్భంలో అన్న మాట అతుక్కుపోయింది, మా పిచ్చికలాగే.

ఇక బండి సంగతి. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. ఏసీ మోడలు. పొడవు మూడున్నర మీటర్లు కూడా ఉండదు, బరువు ఏడొందల కిలోల లోపే. మా వీధి మలుపులో పెద్ద కార్లవాళ్లు రెండుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పుకుంటారు, పిచ్చిక ఒక్కసారికే తిరిగిపోతుంది. మెయిన్ రోడ్డు బజారులో దీన్ని పెట్టడానికి చోటు దొరకలేదన్న రోజు నాకు గుర్తు లేదు. మైలేజీ నేను ట్యాంకు నింపి లెక్క రాసుకునేవాణ్ణి. ఊళ్లో ఏసీ వేస్తే 14, హైవే మీద ఏసీ లేకుండా 19 నుంచి 20. ట్యాంకు 28 లీటర్లే కాబట్టి దూరం వెళ్లేటప్పుడు బంకు ముందే చూసుకోవాలి. టైర్లు 12 అంగుళాలవి. రోడ్డు-కం-రైలు వంతెన మీద కొవ్వూరు వైపు వెళ్తుంటే ప్రతి అతుకూ టక్ టక్‌మని సీటు కింద తెలుస్తుంది. మా అబ్బాయి చిన్నప్పుడు ఆ చప్పుళ్లు లెక్కపెడుతూ నిద్రపోయేవాడు.

మేం కొన్న రెండేళ్లకే, 2010 ఏప్రిల్‌లో, హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో బండి పొగ మీద కొత్త నిబంధన, బీఎస్-4, వచ్చింది, అక్కడ 800 అమ్మకం ఆగిపోయింది. 2014 జనవరిలో తయారీ కూడా ఆపేశారు. విడిభాగాలు దొరకవు, అమ్మేయమని చాలామంది చెప్పారు. అలాంటిదేమీ జరగలేదు. ఓమ్నీలోనూ పాత ఆల్టోలోనూ ఉన్నది దగ్గర దగ్గర ఇదే ఇంజిన్, అందుకని ఇప్పటికీ ఏ చిన్న ఊళ్లోనైనా దీన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. క్లచ్ ప్లేటు ఒకసారి మార్చాను, 68 వేల దగ్గర. క్లచ్ కేబుల్ మూడుసార్లు. బ్యాటరీ మూడు నాలుగేళ్లకొకటి. ఇంజిన్ ఇంతవరకూ విప్పలేదు.

పేరు వల్ల మాకు జరిగిన మేలు ఒకటుంది. బండిలో ఏ మార్పు వచ్చినా ఇంట్లో అందరికీ తెలుస్తుంది. అందరూ చెప్తారు కూడా. కారులో ఏదో శబ్దం వస్తే నేను ఒక్కణ్ణే వినాలి. పిచ్చిక ఒంట్లో బాగోకపోతే నలుగురూ వింటారు. 2015లో ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు మా అమ్మాయి, "పిచ్చికకి ఎక్కిళ్లొస్తున్నాయి నాన్నా" అంది. నేను పట్టించుకోలేదు. అప్పుడు తను నా చెయ్యి పట్టుకుని గేరు రాడ్డు మీద పెట్టించింది. మామూలుగా సన్నగా, ఒకే తీరుగా వణికే రాడ్డు, మధ్యమధ్యలో ఒక్కసారి ఎగిరి పడుతోంది. ఊళ్లో ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్తే ఇంజిన్ దించాలి, పాతిక వేలవుతుంది అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మా పాత మెకానిక్ బానెట్ ఎత్తి, ఒక్కో ప్లగ్గు వైరూ తీసి పెడుతూ విన్నాడు. మూడో వైరు తీసినా చప్పుడు మారలేదు. "ఇదేనండీ, మిస్సింగు. మూడింట్లో రెండే పని చేస్తున్నాయి" అన్నాడు. వైర్లు, ప్లగ్గులు మార్చడానికి వెయ్యి రూపాయలు కాలేదు. ఆయన లెక్కల పుస్తకంలో ఇప్పటికీ మా బండి నంబరు ఉండదు, పిచ్చిక అనే రాసుకుంటాడు.

అన్నిసార్లూ అలా విని బాగుపడ్డామని కాదు. 2013 మేలో మారేడుమిల్లి మీదుగా భద్రాచలం బయల్దేరాం. చింతూరు వైపు ఘాట్ రోడ్డులో, అయిదుగురం, పైన సామాన్లు, ఏసీ వేసి ఉంది. మా ఆవిడ రెండుసార్లు అడిగింది, ఏదో తియ్యటి వాసన వస్తోంది, ఆపుదామా అని. ఇంకో మలుపు దాటాక చూద్దాం అన్నాను. టెంపరేచర్ ముల్లు పైకి పోయి, బానెట్ అంచుల్లోంచి ఆవిరి లేచాక ఆపాను. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ గొట్టం పగిలింది, ఆ తియ్యటి వాసన దానిదే. అది గట్టిపడిపోయింది, మార్చాలని మెకానిక్ మార్చిలోనే చెప్పాడు. వాయిదా వేసింది నేనే. నేను రేడియేటర్ మూత తీయబోతుంటే, వెనక ఆగిన లారీ డ్రైవరు పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని లాగేశాడు. లోపల ఒత్తిడితో మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి. ముప్పావుగంట చల్లారనిచ్చి, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, బైండింగ్ వైరుతో బిగించి, తన డబ్బాలో నీళ్లు పోసి పంపించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఏసీ కట్టేసి, అద్దాలు దించుకుని చింతూరు చేరాం. దారిలో మా అమ్మ డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టుకునే కూర్చుంది.

ఇప్పుడు కష్టమైన విషయం. మా పిచ్చికలో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. అప్పట్లో అవి తప్పనిసరి కావు. డ్రైవరుకి ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019 జూలైలో. ఎంత ప్రేమ ఉన్నా ఈ మాట దాచకూడదు. పేరు పెట్టుకున్న బండి మీద చూపు కాస్త మెత్తబడుతుంది, ప్రమాదం కూడా కనపడదు. నాకు అలాగే జరిగింది. అబ్బాయి లైసెన్సు తీసుకుని, ఒక రాత్రి దీన్ని వేసుకుని హైవే మీద విజయవాడ వెళ్తానంటే అప్పుడు గుండె జారింది. ఆ వారమే ఇంకో కారు కొనాలని నిర్ణయించుకున్నాం. అప్పటినుంచి పిచ్చిక ఊరు దాటదు. రాత్రిపూట అసలు తీయం. పిల్లలున్న ఇంటివాళ్లెవరైనా పాత 800 కొనుక్కుంటామని అడిగితే, ఊళ్లో తిరగడానికైతే సరే, దూర ప్రయాణాలకి వద్దు అని ఖచ్చితంగా చెప్తాను.

డబ్బు లెక్క కూడా ఉంది. 2019లో రంగు వేయించడానికి, తుప్పు తీయించడానికి 32 వేలు పెట్టాను. అమ్మితే అప్పుడు దానికి వచ్చేది అరవై వేలు. 2023లో పదిహేనేళ్లు నిండి ఆర్సీ రెన్యువల్‌కి వెళ్తే ఫీజే 5,000 రూపాయలు, 2022 ఏప్రిల్‌కి ముందు అది 600. గ్రీన్ ట్యాక్సు వేరే. బ్రోకరు నా మొహం చూసి, ఎందుకు సార్ అన్నాడు. మా అమ్మ 2016లో పోయింది. ఇంట్లో రోజుకి నాలుగుసార్లు ఆవిడ అన్న మాటే పలుకుతున్నాం. అది అతనికి ఎలా చెప్పాలో తెలియలేదు, సంతకం పెట్టి వచ్చేశాను.

కొత్త కారు బావుంది, చల్లగా ఉంటుంది, భద్రంగా ఉంటుంది. పిల్లలు దానికి కూడా ఒకటి రెండు పేర్లు పెట్టి చూశారు. వారం నిలవలేదు. పొద్దున్న రైతుబజారుకి బయల్దేరేటప్పుడు మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది, "కారు తీస్తారా, పిచ్చికని తీస్తారా?" అని.

ఆర్సీ 2028 వరకూ ఉంది. డ్రైవరు సీటు కింద రేకు మెత్తబడిందేమోనని మెకానిక్ అనుమానం. సంక్రాంతికి అమ్మాయి వచ్చేలోపు కార్పెట్ ఎత్తించి చూపించాలి.