కొత్త రచయితకు వేదిక భయం: విశాఖలో ఒక ప్రసంగ సాధన క్లబ్బు

తొలి పుస్తకం అచ్చయిన వారిలో చాలామందికి ఆవిష్కరణ సభ పేరు వింటేనే గుండె దడ మొదలవుతుంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో నా కథల సంపుటికి సభ జరపాలని మిత్రులు తలపెట్టినప్పుడు, సిరిపురం దగ్గర వారాంతాల్లో సమావేశమయ్యే ఒక ప్రసంగ సాధన క్లబ్బులో చేరాను. మాటల మనుషులు కాని రచయితలకు అది ఎంతవరకు అక్కరకు వస్తుందో ఇక్కడ రాస్తున్నాను.

1924లో అమెరికాలో రాల్ఫ్ స్మెడ్లీ ప్రారంభించిన టోస్ట్‌మాస్టర్స్ పద్ధతినే వీరు అనుసరిస్తారు. కొత్త సభ్యుల తొలి ప్రసంగానికి 4 నుంచి 6 నిమిషాల గడువు ఉంటుంది. సమయం దాటుతున్నదని రంగు కార్డులు చూపిస్తారు. ఒకరు ఊతపదాలను లెక్కపెడితే, మరొకరు ప్రసంగంలోని మంచిచెడ్డలను అందరి ముందు మర్యాదగా వివరిస్తారు.

ఈ వివరణే క్లబ్బుకు ప్రాణం. నాతోపాటు చేరిన ఒక యువ కవికి, ప్రతి వాక్యం చివర గొంతు దిగిపోతోందని ఒక పెద్దాయన చెప్పారు. తెలుగులో క్రియ సాధారణంగా చివరనే వస్తుంది కనుక, అక్కడ గొంతు దిగితే ఏం జరిగిందో వెనక వరుసలో వారికి అందదని ఆయన విడమరచి చెప్పిన తరువాత, ఆ కవి అదే పద్యాన్ని మళ్ళీ చదివితే హాలంతా స్పష్టంగా వినిపించింది. "ధైర్యంగా ఉండండి" అనే ఉత్తుత్తి ఓదార్పు కన్నా ఇటువంటి మాట వెయ్యి రెట్లు మేలు. మాట్లాడబోయే ముందు ఊపిరిని నిదానంగా వదలమని కూడా నేర్పారు. దానివల్ల గుండె వేగం కొంత నెమ్మదిస్తుంది.

అప్పటికప్పుడు ఇచ్చిన అంశంపై ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే భాగం, సభలో పాఠకులు అడిగే ప్రశ్నలకు చక్కని సాధన. అయితే అంశాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఇస్తారు; తెలుగు కావాలంటే ముందుగా అడగాలి. సొంత రచనను చదివి వినిపించడానికి ప్రత్యేకమైన శిక్షణ లేకపోవడం నాకు పెద్ద లోటుగా కనిపించింది. నిర్వాహకులను అడిగితే ప్రసంగానికి బదులు ఒక పేజీ చదవడానికి ఒప్పుకున్నారు. ఆ పేజీని పెద్ద అక్షరాల్లో విడిగా ముద్రించుకుని, ఆగవలసిన చోట పెన్సిలు గీతలు పెట్టుకుని, కాగితాన్ని చేతిలో కాక బల్లపై ఉంచి చదివితే చేతి వణుకు చదువుకు అడ్డు రాదు.

అతిథిగా వెళ్ళి చూడటానికి రుసుము లేదు. సభ తేదీ ముంచుకొచ్చాక చేరితే ఒరిగేది తక్కువ కనుక, పుస్తకం ప్రెస్సుకు వెళ్ళేనాటికే చేరడం మంచిది.