నుమాయిష్‌లో కొన్న సహజ రంగుల కిట్: మంజిష్ఠకు మంచి మార్కులు, పుస్తకానికి కోత

ముందే చెప్పేస్తున్నా. ఈ కిట్‌లో పెట్టిన డబ్బుకు న్యాయం చేసేవి రెండే పొట్లాలు: మంజిష్ఠ (ఎరుపు రంగునిచ్చే వేరు), నీలిమందు. మిగతావి చాలావరకు బేగంబజార్ మూలికల కొట్లలో ఇంతకంటే చవగ్గా దొరుకుతాయి. ఒకటైతే అసలు పెట్టాల్సిందే కాదు.

హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఒక స్టాల్లో కొన్నాను, రూ.1,200. పేరు రాయను, ఎందుకంటే తిట్లు కూడా ఉన్నాయి. మాది దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్. చీర కొంగు పట్టుకొచ్చి "అక్కా, అచ్చం ఇదే షేడు కావాలి, పిసరంత కూడా తేడా రావద్దు" అనేవాళ్లతో పొద్దున్నుంచి రాత్రిదాకా వేగే కన్ను నాది. రంగు విషయంలో తొందరగా మెచ్చుకోను.

డబ్బాలో కరక్కాయ పొడి, పటిక, మంజిష్ఠ, దానిమ్మ తొక్కల పొడి, బీట్‌రూట్ పొడి, పసుపు, నీలిమందు, సున్నం, బెల్లం పొడి, చిన్న పొట్లంలో అన్నభేది (ఇనుప లవణం) ఉన్నాయి. వాటితో పాటు మల్ కాటన్ ముక్కలు, అంచులు కుట్టిన ఒక స్కార్ఫ్, ఒక చిన్న పుస్తకం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "కెమికల్స్ అస్సలు లేవు" అని వేశారు. పటిక, సున్నం ఏ చెట్టుకు కాస్తాయో మరి! పటిక లేకపోతే మంజిష్ఠ ఎరుపు నూలు బట్టను పట్టుకోనే పట్టుకోదు. దాన్ని దాచిపెట్టడం దేనికి?

పుస్తకం మొదట్లో బాగానే ఉంది. బట్టను ముందు చాకలి సోడా వేసి ఉడికించమన్నారు, అది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. కొత్త నూలు బట్టలో గంజి, మైనం ఉంటాయి, అవి వదలకపోతే రంగు మరకలు మరకలుగా ఎక్కుతుంది. తర్వాత కరక్కాయ నీళ్లలో నానబెట్టాలి. పటిక నూలుకు నేరుగా సరిగ్గా అంటదు, కరక్కాయలోని వగరు రెండింటినీ కలుపుతుంది. మన పుట్టపాక నేతవాళ్ల తేలియా రుమాల్‌కు 2020లో జీఐ (ఆ ఊరి సరుకే అన్న ప్రభుత్వ ముద్ర) గుర్తింపు వచ్చింది కదా, అక్కడ కూడా నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో పదే పదే నానబెట్టాకే రంగు దాకా వెళ్తారు. ముందు పని ఎంత ఓపిగ్గా చేస్తే రంగు అంత నిలుస్తుంది.

ఇక్కడి నుంచే పుస్తకం దారి తప్పింది. పటిక "రెండు చెంచాలు" అట. ఎంత బట్టకు? 100 గ్రాముల బట్టకు దాదాపు 15 గ్రాముల పటిక అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. ఇంకా ఘోరం, మంజిష్ఠను "గంటసేపు బాగా మరిగించండి" అన్నారు. చెప్పినట్టే చేస్తే మొదటి ముక్క పాత ఇటుక రంగులో, గోధుమ జీర కొడుతూ వచ్చింది. మంజిష్ఠ నీళ్లు మరగకూడదు, వేడి ఎక్కువైతే ఎరుపు వెనక్కి పోయి గోధుమ రంగు పైకొస్తుంది. రెండో ముక్కను సన్నని సెగ మీద, బుడగ రాకుండా పెట్టాను. అబ్బ, ఏం ఎరుపు వచ్చిందండీ! ఎండలోకి తీసుకెళ్తే కనకాంబరం, నీడలో పండు మిరప. మా షాపులో రూబియా (బ్లౌజు గుడ్డ) షేడు కార్డు మొత్తం తిరగేసినా దానికి జోడీ దొరకలేదు. ఇంకో సంగతి, నల్లా నీళ్లలో కంటే మా బోరు నీళ్లలో ఎరుపు ముదురుగా వచ్చింది. బోరు నీళ్లలో ఉండే కాల్షియం మంజిష్ఠకు బాగా పడుతుంది. బకెట్ల అంచున తెల్లగా పేరుకునే మా బోరు నీళ్లు ఒక్క పనికైనా కలిసొచ్చాయి.

నీలిమందు దగ్గర మాత్రం పుస్తకాన్ని మెచ్చుకోవాలి. నీలిమందు ఒక వంతు, సున్నం రెండు, బెల్లం మూడు అని లెక్క స్పష్టంగా ఇచ్చారు. నీలిమందు నీళ్లలో కరగదు. సున్నం, బెల్లం కలిసి దాన్ని కరిగే రూపానికి మారుస్తాయి. వేడి నీళ్లలో కలిపి మూతపెట్టి కదపకుండా ఉంచితే, పైన రాగి మెరుపుతో పొర కడుతుంది, కింద నీళ్లు పసుపు పచ్చగా తేరుతాయి. గుడ్డ ముంచి తీస్తే ముందు చిలకపచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ మడతల అంచుల నుంచి మొదలుపెట్టి నీలం పాకుతుంది. మా షాపులో పనిచేసే పిల్ల "అక్కా, మళ్లీ ముంచండి, వీడియో తీస్తా" అని గిన్నె దగ్గర్నుంచి కదల్లేదు.

దానిమ్మ తొక్క మెంతి రంగు ఇచ్చింది, ఫరవాలేదు. దాన్నే అన్నభేది నీళ్లలో ముంచితే క్షణంలో బూడిద పచ్చకు తిరిగింది. అన్నభేది ఎక్కువైతే నూలు బలం తగ్గుతుందని పుస్తకంలో ఎక్కడా లేదు, చిటికెడుతో ఆపండి.

బీట్‌రూట్ పొట్లం పచ్చి మోసం. గిన్నెలో రాణి రంగు, ఒక్క ఉతుక్కు మాసిన తెలుపు. పసుపు కూడా అంతంతే. ప్రతి ముక్కలోంచి ఒక పట్టీ కోసి, సగం అట్ట కింద దాచి, షాపు కిటికీ అద్దానికి అతికించాను. కొన్నాళ్లకు తీసి చూస్తే పసుపు పట్టీలో ఎండ తగిలిన సగం వెలిసిపోయింది. మంజిష్ఠలో మాత్రం ఎండ తగిలిన సగానికీ దాచిన సగానికీ మధ్య గీత కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

నాకు బాగా కోపం తెప్పించింది స్కార్ఫ్. గుడ్డ నూలే, అంచులు కుట్టింది పాలిస్టర్ దారంతో. పాలిస్టర్‌కు ఈ రంగులు ఎక్కవు. ఎర్రటి స్కార్ఫ్ చుట్టూ తెల్లటి కుట్టు పళ్లికిలించినట్టు కనిపిస్తోంది. నూలు దారం రీలు ఎంతని! బ్లౌజుల కోసం అమ్మే రూబియాలో కూడా పాలిస్టర్ కలిపినవి ఉంటాయి, ఈ రంగులు వేయాలనుకుంటే నూటికి నూరు కాటన్ అడిగి తీసుకోండి.

పిల్లలతో సరదాకి ఒకసారి చేయాలనుకునేవాళ్లు కొనొచ్చు, గిన్నెలు మాత్రం వంటవి వాడొద్దు. సీరియస్‌గా నేర్చుకోవాలంటే కరక్కాయ, మంజిష్ఠ, పటిక విడిగా కొనుక్కోండి. దానిమ్మ తొక్కలు జ్యూస్ బండివాళ్లు ఊరికే ఇస్తారు. మలక్‌పేట మార్కెట్లో ఉల్లిగడ్డ పొట్టు అడిగితే నవ్వుతూ సంచి నింపారు, అది దానిమ్మ కంటే మంచి రంగు ఇచ్చింది. పెళ్లి చీరకు మ్యాచింగ్ జాకెట్టు మాత్రం ఈ రంగులతో పెట్టుకోకండి, ఒక షేడు రెండోసారి అచ్చం అలాగే రాదు. ఐదుకు మూడు ఇస్తున్నాను. ఆ నీలిమందు ఒక్కటే పావుకిలో డబ్బాలో అమ్మితే రేపే కొంటాను.