వార్నింగ్‌లో ఏ పేరు కనిపించాలి?

గుంటూరు బ్రాడీపేటలో సీ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్న కుర్రాడు 10 బైట్లే పట్టే బఫర్‌లోకి (డేటా ఉంచే చోటు) మెమ్‌కాపీ అనే ఫంక్షన్‌తో 20 బైట్లు కాపీ చేశాడనుకోండి. ఉబుంటు లినక్స్‌లో ఓ2 అనే ఆప్టిమైజేషన్ ఆప్షన్‌తో కంపైల్ చేస్తే, ఇలా బఫర్ దాటి రాయడాన్ని పట్టుకునే ఫోర్టిఫై రక్షణ దానంతటదే ఆన్ అవుతుంది. దాంతో జీసీసీ కంపైలర్ ఇచ్చే వార్నింగ్‌లో ‘బిల్టిన్ మెమ్‌కాపీ చెక్’ అని, ముందూ మధ్యలోనూ అండర్‌స్కోర్లతో, కంపైలర్ లోపల వాడే ఓ పేరు రావచ్చు. ‘ఇది నేనెక్కడ రాశాన్రా బాబూ’ అని ఫైలంతా వెతుకుతాడు. దొరకదు. అతని కాల్‌ను లోపల అటు మళ్లించింది గ్లిబ్‌సీ అనే సీ లైబ్రరీ హెడర్ ఫైలు మరి.

అదే ‘మెమ్‌కాపీ’ అని చూపిస్తే నేరుగా తను రాసిన లైను దగ్గరికే వెళ్తాడు. పట్టేదెంత, రాస్తున్నదెంత అన్నది ఎలాగూ వార్నింగ్‌లోనే ఉంటుంది. అతనికి కావాల్సిందీ అదే.

లోపలి పేరు చూపిస్తే ఫోర్టిఫై పనిచేస్తోందని తెలుస్తుంది, నిజమే. కంపైలర్ మీద పనిచేసేవాళ్లకు అది అక్కరకొస్తుంది. కానీ వాళ్లకు కంపైలర్ లోపలి పనిని చూపించే డంప్ ఆప్షన్లు వేరే ఉన్నాయి కదా! అందుకే నా ఓటు దాచడానికే. బిల్టిన్ పేరును ప్రోగ్రామర్ స్వయంగా కోడ్‌లో రాసుకుంటే మాత్రం దాన్ని అలాగే చూపించాలి.