చేతి బ్రిక్స్ మీటరు: నీరాకు భేష్, కల్లుకు చాలదు

వెయ్యి రూపాయలకు అటూఇటూగా దొరికే 0–32 బ్రిక్స్ రిఫ్రాక్టోమీటరు కోనసీమలో నీరా (చెట్టు నుంచి దించిన, ఇంకా పులవని తీపి రసం) దించేవాళ్లకూ తాటిబెల్లం కాచేవాళ్లకూ కొనదగ్గ పరికరం. రసంలో చక్కెర ఎంత ఎక్కువుంటే వెలుగు అంత వంగుతుంది; ఆ వంపును బట్టి నూరు గ్రాముల రసంలో చక్కెర సుమారు ఎన్ని గ్రాములో ఇది చెప్తుంది, ఆ అంకే బ్రిక్స్. నీరా పులిస్తే వచ్చే కల్లులో తీపి ఎంత మిగిలిందో దీంతో తేల్చుకుందామంటే మాత్రం మోసపోతారు.

వాడకం తేలిక. గాజు పలక తుడిచి, డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు వేసి, మూత వాల్చి అర నిమిషం ఆగాలి. గొట్టంలోంచి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత సున్నా మీద లేకపోతే స్క్రూ తిప్పి తేవాలి. వేడిని తానే సరిచేసుకునే రకమైనా మామూలుగా 10–30 డిగ్రీల మధ్యే పనిచేస్తుంది. మే నెలలో రాజోలు తోటల్లో నీడన కూడా అంతకు మించుతుంది కాబట్టి ఆ నీళ్లనూ నీరానూ ఒకేచోట ఉంచి కొలవండి. ముంతకు పూసిన సున్నం నలక తగిలితే గీత అలుక్కుపోతుంది, పలచటి గుడ్డలో వడకట్టాలి. పని కాగానే పలక కడగకపోతే జిగురు ఎండి పట్టేస్తుంది.

తాజా కొబ్బరి నీరా 12 నుంచి 15 దాకా చూపిస్తుంది. 12 ఉన్న నీరా 10 లీటర్లలో గట్టి సరుకు కిలోంబావు. పొయ్యి వెలిగించే ముందే ఈ లెక్క తెలియడం చాలా విలువైన సంగతి. ముంతలో వాననీళ్లు పడ్డా అంకె తగ్గి దొరికిపోతుంది.

చిక్కంతా పులవడం మొదలయ్యాకే. ఈస్టు చక్కెరను ఆల్కహాలు చేస్తుంది, ఆ ఆల్కహాలు కూడా వెలుగును వంచుతుంది. 12తో మొదలైన నీరాలో చక్కెర పూర్తిగా అయిపోయినా మీటరు 4, 5 దగ్గరే నిలబడుతుంది. ఇక్కడ హైడ్రోమీటరు తప్పనిసరి. ఇది ద్రవంలో తేలే గాజు కాడ, నీటిని 1.000 అనుకుంటే ఆ ద్రవం ఎంత బరువో చెప్తుంది. కల్లును రెండు గ్లాసుల మధ్య తిరగబోసి గ్యాసు పోగొట్టాలి, లేకపోతే బుడగలు కాడను పైకెత్తి లేని తీపిని చూపిస్తాయి. 20 డిగ్రీలకు గీసిన హైడ్రోమీటరైతే 30 డిగ్రీల కల్లుకు చూపిన అంకెకు 0.002–0.003 కలపాలి. 1.000 దగ్గరికొస్తే చక్కెర అయిపోయినట్టే.

ఇంట్లో బీరు కాచుకునే దేశాల్లోనూ బ్రిక్స్ మీటరుతో ఇదే తిప్పలు, పైగా ఇంకో మెలిక. మాల్టును (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలు) 68–70 డిగ్రీల నీళ్లలో నానబెడితే ఈస్టు తినలేని డెక్స్‌ట్రిన్లు మిగిలి, పులవడం పూర్తయినా బీరు 1.015 పైన ఆగిపోవచ్చు. కల్లులో ఆ బెడద లేదు. సుక్రోజు, దాన్నుంచి విడిపోయే గ్లూకోజు, ఫ్రక్టోజు అన్నీ ఈస్టు తినేవే. అందుకే పొద్దున దించిన ముంత తియ్యగా ఉండి, సాయంత్రానికి తీపి తగ్గిపోతుంది. సాకరిన్ అనే కృత్రిమ తీపి చిటికెడు కలిపితే ఈ రెండు పరికరాలూ పట్టలేవు. కానీ హైడ్రోమీటరు 1.000 చూపిస్తుంటే నాలుకకు ఇంకా తియ్యగా తగిలిందనుకోండి, అది చెట్టు చక్కెర కాదని అనుమానించి ఆ ముంత పక్కన పెట్టేయండి.