ల్యాండ్ క్రూయిజర్: పాత 200, కొత్త 300

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్, జయపురం వైపు తరచూ వెళ్లే మన తెలుగువారికి టయోటా ల్యాండ్ క్రూయిజర్ కారులోని ఈ రెండు తరాల మధ్య అసలు తేడా ఇంజిన్‌లోనే తెలుస్తుంది. 2007లో వచ్చిన 200లో 4.5 లీటర్ల ఎనిమిది సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉండగా, 2021 నాటి 300లో అది 3.3 లీటర్లకు, ఆరు సిలిండర్లకు తగ్గినా, టార్క్ (చక్రాలను తిప్పే బలం) మాత్రం 650 నుంచి 700 న్యూటన్ మీటర్లకు పెరిగింది. గేర్లు పది కావడం, కొత్త చట్రంతో పాటు బానెట్, పైకప్పు, తలుపులకు అల్యూమినియం వాడి సుమారు 200 కిలోల బరువు తగ్గించడం ఎత్తు మలుపుల్లో బాగా కలిసొస్తాయి. చక్రాల మధ్య దూరం మాత్రం మారలేదు, అదే 2,850 మిల్లీమీటర్లు.

పాతదానిలో వెనుక తలుపు రెండు ముక్కలుగా తెరుచుకునేది; కింది పలక మీద కూర్చుని భోజనం క్యారియర్ విప్పుకొనే ఆ సౌకర్యాన్ని 300లో తీసేయడం నాకు నచ్చలేదు. అయినా ఘాట్ ప్రయాణమే ఎక్కువైతే 300నే ఎంచుకోవాలి.